మూడువందల ఒకటి

రూవీల మా ఆఫీసు కింద ఇస్త్రీ డబ్బా,
దాని పక్కన కరక్ చాయ్.
పైన నేను, నీళ్లు కారే ఏసీ,
ఒక్క కంపెనీకి ఐదు పేర్లు.

నీళ్ల ట్యాంకులు కడిగే కంపెనీ మాది.
అర్బాబ్ ఖల్ఫాన్ మోజుపడి ఒక పేరు కొన్నడు,
తమ్ముడు అలిగి ఇంకోటి కొన్నడు,
నడుమ గీతతోని ఒకటి, గీత లేక ఒకటి.
ఐదోది, నాకంటె ముందు ఈ కుర్చీల కూసున్న
బోధన్ అఫ్సరొద్దీన్ కొన్నది.
క్లీనింగ్‌ల ఎన్ ఒకటి మింగిండు.
ఏడేండ్లు ఎవ్వలూ చూడలే.

ఐదింట్ల అదే ముచ్చట, అదే ఫోన్ నంబరు.
గూగుల్ పంచాయితీ పెద్దమనిషి లెక్క
మీలో అసలోడెవడని అడిగి, జవాబు రాక
ఐదుగురినీ నాలుగో పేజీల కూసోబెట్టింది.
ట్యాంకుల పావురం పడి సచ్చినా
అంతదాకా ఎవడొస్తడు?

ఒకటి ఉంచు, కడమయి తీసెయ్ అన్నడు అర్బాబ్.
తీసేస్తే ఎట్ల?
ఘలా విల్లాల గోడల మీద మన స్టిక్కర్లున్నయి,
వాదీ కబీర్ల పాత బిల్లు పుస్తకాలున్నయి.
ఇల్లు మారినోడు తలుపుకు చీటీ అంటించిపోవాలె:
ఇక్కడ లేం, ఇగ ఎప్పటికీ అక్కడనే.
ఆ చీటీ నంబరు మూడువందల ఒకటి.
మూడువందల రెండు వేరే,
ఇప్పటికైతే అక్కడ, రేపటి సంగతి తెల్వది.
నా వీసా మీద ఉన్నది ఆ నంబరే.

రాత్రి రాకపోకల పద్దు తెరిచిన.
తప్పు పేరుకే ఎక్కువ మంది వస్తున్నరు,
డ్రైవర్లు, వాచ్‌మన్లు,
అఫ్సరొద్దీన్ లెక్కనే అక్షరం మింగేటోళ్లు.
అండ్ల ఒకరు మాత్రం
ప్రతి బేస్తారం రాత్రి పదిన్నరకు
'మా మనుషులు' పేజీ ఒక్కటి తెరిచి పోతరు.
నిజామాబాద్ అంటది పద్దు,
అంతకంటె చెప్పది. ఆడ అప్పుడు నడిరాత్రి.

ఆ పేజీల ఒకటే ఫోటో.
ఖురియాత్‌ల ట్యాంకు ముందర పన్నెండు మంది, పసుపు టోపీలు.
ఎడమ నుంచి నాలుగోడు కదిలిండు, మొకం మసక.
కొత్త సైట్ల ఆ పేజీ లేదు.
అర్బాబ్ కొన్న ఫోటోలున్నయి,
పండ్లు తెల్లగున్నోళ్లు, ఎన్నడూ ట్యాంకు ఎక్కనోళ్లు.

ఒక్క వరుస రాస్తే అయిపోవు,
ఏ తలుపు తట్టినా ముందరి వాకిట్లకే.
అన్నం తిని కూసున్న.
పేజీకి పేజీ, తొవ్వకు తొవ్వ,
నూటా నలభై వరుసలయినయి.
పాత ఫోటో కొత్తింట్ల ఓ మూలకు పెట్టిన,
మెనూల కనవడది.
అడిగెటోడెవడు?

బేస్తారం పదిన్నరకు పద్దుల పడ్డది:
తప్పు పేరు, మూడువందల ఒకటి.
దాని కింద
కొత్త పేరు, రెండువందలు, అంటే దొరికిందని.
ఇంకా కింద ఫోటో, మొత్తం దిగింది.

తెల్లారి అర్బాబ్ అడిగిండు, ఏమైందని.
రెండో పేజీ అన్న.
ఇంకా రావాలె అన్నడు.