రెండు వేళ్ల ఎత్తు

చియతురాలో మా బడి లోయకి అవతల.
నది మీదుగా, ఇనుప తీగకి వేలాడుతూ
తుప్పు పట్టిన పెట్టె ఒకటి మమ్మల్ని దాటించేది.
దానికి అద్దం ఊడిన కిటికీ ఒక్కటే.
ఆ కిటికీ నాది.
ఆరో తరగతి వాణ్ణి, పెద్దవాణ్ణి, మాల్ఖాజ్‌ని.
అయిదో తరగతి ఉచాకి
నా పాత చొక్కా, నా పాత సంచి, నా పాత బూట్లు,
చూడ్డానికి నా వీపు.

కింద క్విరిలా నల్లగా పారేది,
మాంగనీసు కడిగిన నీళ్లతో.
ఆ కడిగే చోటే అమ్మకి పని.
గోళ్ల కింది నలుపు ఏ పండక్కీ వదిలేది కాదు.
ఆ వేళ్లతోనే, బడి తెరిచే ముందు రోజు,
వంటగది ద్వారబంధానికి మమ్మల్ని ఆనించి
నెత్తిన రొట్టెల పీట పెట్టి
పెన్సిల్ గీత గీసేది.
నా గీత పైన. వాడి గీత కింద.
ఏటా అంతే.

దేనికి కొట్టుకోలేదు కనక!
పాల మీది మీగడకి, పొయ్యి పక్క మంచానికి,
ముందు ఎవడు తుమ్మాడన్నదానికి కూడా.
వాడికి లెక్కల్లో పదికి పది వచ్చిన రోజు
వాడి నోట్‌బుక్ మీద టీ గ్లాసు పెట్టి
గుండ్రటి మరక చేశాను, సున్నాలా.
నా కుస్తీ బూట్ల లేసులకి వాడు
డెబ్భై ఒక్క ముళ్లు వేశాడు.
విప్పింది నేనే,
అందుకే అంకె తెలుసు.

ఆ వేసవి వాణ్ణి రాచా కొండల్లో
తాతయ్య దగ్గరికి పంపారు.
గది మొత్తం నాది. మీగడ మొత్తం నాది.
రుచి ఎందుకో తగ్గింది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.
తిరిగొచ్చాక పెట్టె ఎక్కినప్పుడు
ఎప్పుడూ నా మెడకి తగిలే వాడి ఊపిరి
చెవి పైన తగిలింది.
వెనక్కి తిరగలేదు నేను.

ద్వారబంధం దగ్గర ముందు నేను నిలబడ్డాను.
మేజోళ్లలో, మడమల కింద, మడిచిన అట్టముక్కలు.
తర్వాత వాడు.
నా గీత కంటే రెండు వేళ్లు కింద!
ఆ రాత్రి నిద్ర పట్టనంత గెలిచాను.

మరుసటి ఏడూ అట్టలు. ఇంకో మడత ఎక్కువ.
వాడి వంతు వచ్చింది.
అమ్మ చేతిలోంచి పెన్సిల్ జారి నా వైపు దొర్లింది.
తీద్దామని వంగాను.
ఎప్పుడూ పైకే చూసేవాణ్ణి,
ఆ రోజు కింద చూశాను:
వదులు ప్యాంటులో
వాడి మోకాళ్లు వంగి ఉన్నాయి.
వణుకుతున్నాయి కూడా.

గీత పడింది. అదే రెండు వేళ్లు.

తన్ని ఉంటే ఓర్చుకునేవాణ్ణి.
ముళ్లు వేసి ఉంటే విప్పుకునేవాణ్ణి.
జాలిపడ్డాడు!
నా తమ్ముడు, నా పాత చొక్కా వేసుకుని,
నా మీద!

మర్నాడు లోయ నడిమధ్య కరెంటు పోయింది.
అది మాకు మామూలే.
పెట్టె ఆగి ఊగుతోంది.
తలుపు దగ్గర సియాలా అత్త
ఎవరి మీదో గొణుగుతూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది.
వాడి కాలరు పట్టుకున్నాను.
"నిటారుగా నిలబడరా!"
వాడు కళ్లు కూడా ఆర్పలేదు.
"మేజోళ్లలో అట్టలు తీసెయ్. నిలబడతాను."

ఎప్పట్నుంచి తెలుసో అడగలేదు.
బూటు విప్పాను. రెండోదీ విప్పాను.
కిటికీలోంచి విసిరితే
అట్టముక్కలు తిరుగుతూ, తిరుగుతూ,
చాలాసేపు పడ్డాయి.
వాడు నిటారయ్యాడు.
అబ్బ, ఎంత పొడుగు!
వాడికి నవ్వొచ్చింది.
నేను కొట్టాను.
ముక్కులోంచి కారిన నెత్తురు
నా చొక్కాకే తుడుచుకున్నాడు,
అంటే ఒకప్పటి నా చొక్కాకి.
సియాలా అత్త ఇద్దర్నీ కలిపి తిట్టింది.

మళ్లీ ఏడు పీట తెచ్చిన అమ్మని
ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.
ఒకేసారి ఒకే మాట అనడం అదే మొదలు.

ఇక వాడు నా వెనక నిలబడలేదు.
పక్కన దూరి, మోచేత్తో పొడిచి,
సగం కిటికీ లాక్కున్నాడు.
నేనూ పొడిచాను,
గట్టిగా.