బురద గుంట

పందికి చెమట పట్టదని
మాధవరం వచ్చిన మొదటి కత్తెరలోనే తెలిసింది,
చింపిరి నోరు తెరిచి రొప్పుతుంటే.

మునగచెట్టుకి తూర్పున, మధ్యాహ్నం నీడ వాలే చోట
మూడు మూరల గుంట తవ్వాను.
ట్యాంకరు మంగళవారం వస్తుంది.
మనుషులకి నాలుగు బిందెలు,
బురదకి రెండు.
పొన్మణి అక్క గోడ మీంచి చూసి
అరవంలో నాలుగు తిట్టి,
తన బియ్యం కడుగు ఇటు వంపి పోతుంది.

చెవుల వెనక కొబ్బరినూనె రాస్తుంటే
చింపిరి కళ్ళు మూసుకుంటుంది.
బొద్దు నా కొంగు నములుతుంది.
ఒక్కదాన్నే తెచ్చుకుందామనుకున్నా మొదట.
ఒంటిగా ఉంచితే గోడకి మొహం పెట్టి
తిండి మానేస్తుందమ్మా
అంది పశువుల డాక్టరు జెబమణి.
నాకు తెలుసన్నాను.
ఎలా తెలుసో ఆవిడ అడగలేదు.

"పందికేం తెలుసే పన్నీటి వాసన!"
ఫోన్లో మా బావ నవ్వుతాడు.
నిన్న బొద్దు
నేను పాతి మరిచిన అల్లం కొమ్ముని
జానెడు లోతున పసిగట్టింది.

ఇవాళ ఇద్దరూ ముట్టెలు పైకెత్తి
సముద్రం వైపు నిలబడ్డారు.
మబ్బు తునకైనా లేదు.

తీగ మీంచి బట్టలు తీసేశాను.