పది సెకన్లకో శ్వాస

కాఫీ తాగి రావొద్దన్నారు.
వెల్లుల్లి వద్దు, సిగరెట్టు వద్దు, చేతులకు క్రీము కూడా వద్దు.
నవంబరు పొగమంచులో, ఐదూ నలభైకి,
నా వాసన నాకే లేకుండా
తొమ్మిదో నంబరు స్తంభం పక్కన నిలబడతాను.

కంచె అవతల మురుగునీటి శుద్ధి కేంద్రం.
మూడు ఊళ్లు ఒళ్లు తోముకుని, గిన్నెలు కడుక్కుని
మరిచిపోయిన నీళ్లన్నీ
రాత్రంతా గొట్టాల్లో నడిచి ఇక్కడికే వస్తాయి.
గుడ్ల ఆకారంలో మూడు తెల్లని టవర్లు,
లోపల బురదను పొదుగుతూ.

పది సెకన్లకో శ్వాస.
పది నిమిషాలు. అరవై శ్వాసలు.
ఒక్కో శ్వాసకీ కాగితం మీద ఒక్కో గడి.
ఏమీ లేకపోతే సున్నా.
కేంద్రం వాసనైతే ఒకటి.
బొగ్గు పొగకీ, కోసిన గడ్డికీ వేరే అంకెలున్నాయి.
అరవైలో ఆరు తగిలితే
ఆ గంట మొత్తం వాసన గంట కింద జమ.
ఐదే తగిలితే
ఈ వీధి హాయిగా ఉన్నట్టు.

ఈ పనికి మరీ మంచి ముక్కు పనికిరాదు.
మా అక్క హిల్కెను పరీక్షలోనే వెనక్కి పంపేశారు:
వెన్న పాడవబోతోందని రెండ్రోజుల ముందే చెప్పే ముక్కు ఆమెది.
"మీకు తగిలేది ఊరికి తగలదు కదమ్మా" అన్నారు.
నాది ఊరందరి ముక్కు.
బడి వంటగదిలో పదకొండేళ్లు క్యాబేజీ ఆవిరి పట్టిన ముక్కు.
మామూలుగా ఉన్నందుకు
నాకెవరైనా డబ్బులిచ్చారంటే ఇదే మొదలు.

కుళ్లిన కోడిగుడ్డులా ఉంటుందని శిక్షణలో చెప్పారు.
అలా ఉండదు.
తడిసిన బూట్లు సంచిలో పెట్టి సెలవులకు వెళ్లిపోతే,
తిరిగొచ్చి జిప్పు తీసినప్పుడు,
అడుగున ఎక్కడో కాస్త తీపి కూడా తగులుతుంది చూడండి, అది.

కంచె ఇవతల వరసగా చిన్న చిన్న తోటలు.
నాలుగోది నుర్జాన్‌ది.
దండ కట్టిన ఎర్ర మిరపకాయలు,
ఎప్పుడూ లోపలే ఆరే బట్టలు.
గళ్ల అట్ట నోటుబుక్కులో తారీఖులు, గాలి ఎటు, ఎంతసేపు.
మునిసిపాలిటీకి రెండొందల పన్నెండు ఫోన్లు.
ఒక పేజీలో తారీఖు కింద ఇంతే ఉంది:
మనవడి పుట్టినరోజు. కేకు కోయకముందే అందరూ లేచిపోయారు.

రోజూ అడుగుతుంది, "ఇవాళెన్ని?"
చెప్పకూడదు. చెప్పను.
నా పెన్సిలు ఎటు కదిలిందో చూసి లెక్కేసుకుంటుంది.

ఇవాళ పదకొండో శ్వాసకు ఒకటి.
ఇరవై మూడు, ఇరవై నాలుగు, వరసగా.
తర్వాత చాలాసేపు తడి ఆకులు.
ముప్పై ఎనిమిది. నలభై నాలుగు.
ఐదు.
నుర్జాన్ కంచె పట్టుకుని ఊపిరి బిగబట్టింది,
నా వంతు గాలి
తానెక్కడ వాడేస్తుందో అన్నట్టు.

యాభై ఎనిమిదికి ఎవరింట్లోనో మాడిన రొట్టె.
యాభై తొమ్మిది, సున్నా.
అరవయ్యో గడి మీద పెన్సిలు ఆగింది.
ఒక్క గీత. గోరంత.
ఎవరు చూడొచ్చారు?
ముక్కుసూటి మనిషినని మా నాన్న నన్ను మురిపెంగా అనేవాడు.
అది ఇంత ఇరుకు దారని అప్పుడు తెలీదు.
సున్నా చుట్టాను.

గడియారం ఆపాను. ఫైలు మూశాను.
అప్పుడు తిరిగింది గాలి.

అరవై ఒకటో శ్వాస.
నిండుగా, తీరిగ్గా, సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చింది.
మిరపకాయల మీదుగా, నా కోటు కాలరు మీదుగా
మా ఇద్దరి మధ్యా నిలబడింది.
దీనికి గడి లేదు.

"వస్తోంది" అన్నాను.
ఆ మాట అనకూడదు.

నుర్జాన్ నోటుబుక్కు తెరిచి టైము రాసింది,
ఆరు గంటల రెండు నిమిషాలు, పడమటి గాలి.
ఇన్నేళ్లుగా ఖాళీగా ఉన్న చివరి గడి మీద వేలు పెట్టి
నా పేరడిగింది.

వీబ్కె, అన్నాను.
అర్థం కాలేదు.
అక్షరం అక్షరం విడదీసి
మళ్లీ చెప్పాను,
మధ్యమధ్యలో
ఆ గాలే పీలుస్తూ.