ఊట

నా పేరులో నీళ్లున్నాయి. జిన్‌షుయ్.
బంగారు నీరని అర్థం.
జాతకంలో నీటి పాలు తక్కువని మా తాత పెట్టాడు.
నోట్లో మాత్రం పదకొండేళ్లుగా చుక్క లేదు.

రేడియేషన్ ముప్పై మూడు రోజులే.
ఆ ఎండ ఇంకా లోపల కాస్తూనే ఉంది.

కావ్‌షుంగ్ ఆసుపత్రిలో నర్సు ఏటా అదే కాగితం ఇస్తుంది.
గత వారం రోజుల్లో మీ నోరు ఎండిపోయిందా?
అస్సలు లేదు, కొంచెం, బాగానే, చాలా.
నాలుగు గళ్లు.

రోజూ పొద్దున్నే ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతి పెట్టి
పళ్ల మధ్య దూరుస్తాను, దవడ బిగుసుకుపోకుండా.
నిరుడు పదమూడు పట్టేవి.
ఈ ఏడు పన్నెండు పడితే గొప్ప.

వక్క నమలకుండా పింగ్‌తుంగ్ నుంచి కీలుంగ్ దాకా
చేపల లారీ తోలినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.
తెల్లవారుజాము మూడింటికి, రంగుదీపాల గాజుకొట్టులో పిల్ల
పొట్లం అందించి, "మామా, జాగ్రత్త" అనేది.
రెప్ప పడకుండా కాసింది ఆ వక్కే.
అబద్ధమెందుకు?

మెడ తిరగదు.
ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పాలి, ఇరుకు సందులో లారీలా.
మనవడు వెనక నిలబడి పీ పీ పీ అంటాడు.
ఎడమ చెంప లోపలిది తొడ చర్మమని వాడికి నేనే చెప్పాను.
"అయితే తాతా, నువ్వు తొడతో నవ్వుతావా?"
కాగితంలో ఆ ప్రశ్న లేదు.

నలుగురిలో తినడానికి ఇబ్బంది పడ్డారా?
మేనకోడలి పెళ్లివిందులో పన్నెండు వంటకాలు.
బల్ల కింద నుంచి యూషియా గంజి ఫ్లాస్కు అందించింది.
యజమాని తిట్లు దిగమింగాను, అన్న చేసిన మోసం దిగమింగాను,
ఒక్క మెతుకు దగ్గర ఓడిపోయాను.
'కొంచెం' దగ్గర టిక్కు పెట్టాను.
యూషియా నా చేతిలో కలం లాక్కుని
దాన్ని కొట్టేసి 'చాలా' దగ్గర పెట్టింది.

నిన్న వాకిట్లో మనవడు
పచ్చిమామిడి ముక్క ఉప్పులో అద్దుకుని, ఒక కన్ను మూసి కొరికాడు.
చూస్తూ కూర్చున్నాను.
నోరు ఊరలేదు.
చెవి కింద, కుట్ల గీత పక్కన, చెంప తడిసింది.

కోతలో తెగిన నరాలు మళ్లీ మొలుస్తూ దారి తప్పి
చెమట ఇంటి తలుపు తట్టాయట.
డాక్టరు సూది ఉందన్నాడు.
వద్దన్నాను.

యూషియా తువ్వాలు తెచ్చింది.
తుడవబోతే చెయ్యి పట్టుకున్నాను.
ఉండనీ, దానంతటదే ఆరనీ.
పులుపు నన్నింకా మరిచిపోలేదు,
ఇల్లు వెతుక్కుంటూ పక్క గుమ్మం దాకా వచ్చింది.