ముందు ఎర్ర వైరు

పొద్దుగాల ఐదు నలభైకి చావి తిప్పితే
మీటర్ల పచ్చ లైటు ఒక్కసారి కన్ను తెరిచి
మల్ల మూసుకున్నది.
బటన్ నొక్కితే టక్. టక్ టక్.
గోడ మీది బల్లి ఇంతకన్న గట్టిగ అంటది.

ఈ బండికి కిక్ లేదు.
కొన్ననాడు షోరూం పిలగాడు నవ్విండు,
"ఇప్పుడు కిక్కెవరు కొడ్తున్రు మేడమ్?"
వాని నంబరు రాసి పెట్టుకునేది ఉండె.

డబ్బాల ఐసు ప్యాకులు.
బర్కత్‌పురల ఫాస్టింగ్ షుగర్ ఒకటి,
నల్లకుంటల థైరాయిడ్ రెండు,
విద్యానగర్‌ల ఒక బాలింత.
రాత్రి వానకు రాంనగర్ గల్లీ అంత బురద.
తోసిన. సెకండ్ గేర్ల క్లచ్ వదిలిన.
బండి ఎక్కిళ్ళు పెట్టింది, అంతే.

ముషీరాబాద్‌ల ఇద్రీస్ భాయ్ షట్టర్
ఎనిమిదైతే గాని లేవది.
దుకాణం మెట్టు మీద కూసున్న,
ఆస్పత్రి బయట కూసునే మనిషి లెక్క.

వచ్చి, చాయ్ తాగి,
మీటరు పుల్లలు పెట్టి చూసిండు.
"తొమ్మిది పాయింట్ రెండు. అయిపోయింది అక్కా.
చార్జింగ్ పెట్టినా రెండు దినాల ముచ్చట."
మొఖం మీదనే చెప్పేసిండు.
నాకైతే అట్ల చెప్పే రూలు లేదు,
కవరు చేతిల పెట్టి మెట్లు దిగుడే.

కౌంటర్ మీద మూడు పెట్టిండు.
ఒకటి చవుకది, పేరెన్నడు వినలే.
ఒకటి ఆసిడ్ పోసేది,
పోసి రాత్రంత చార్జింగ్ పెట్టాల్నంట,
రాత్రి దాక నాకు టైమెక్కడిది?
ఒకటి సీలుది, పద్దెనిమిది వందల యాభై.
నేను ధర కన్న ముందు తారీఖు చూసిన,
ట్యూబుల మీద చూసి చూసి పడ్డ అలవాటు.
బోర్లిస్తే పోయినేడు దసరా నాటిది.
"ర్యాకుల కూసున్నా ముసలితనం వస్తది గద భాయ్?"
నవ్వి, లోపలికి పోయి, రెండు నెలలది తెచ్చిండు.
పాతదాని పక్కన పెట్టిన.
పొడుగు సరే, ఎత్తు సరే,
ప్లస్ మాత్రం అవతలి దిక్కు.
ఎర్ర వైరు బెత్తెడు తక్కువ పడ్తది.
మల్ల లోపలికి పోయిండు.
ఈసారి నవ్వలే.

పనిపిలగాడు ఇంక రాలే.
"నేనే బిగిస్త, పానా ఇయ్యి" అన్న.
ఇచ్చిండు గాని నోరూకోలే.
"ఇప్పేటప్పుడు నల్లది ముందు,
కట్టేటప్పుడు ఎర్రది ముందు.
వెనక ముందయిందా, పానా బాడీకి తాకి
ఈన్నే దివాళీ."

పదకొండేండ్లాయె,
కొత్త పిల్లలకు నేను చెప్పేది కూడ ఇదే తీరు:
కట్టు ముందు వదులు, సూది తర్వాత తియ్యి.
వెనక ముందయితే చెయ్యి కమిలి నల్లగైతది,
ఒకసారి కమిలిన చెయ్యి
మల్ల మన ముందుకు చాపరు.

పాతదాని కొనలకు తెల్లగ ఉప్పు పూసింది.
తరాజుల పెడితే రెండున్నర కిలోలు,
సీసం లెక్కన మూడు వందలు తగ్గించిండు.
నాలుగు వానకాలాలు అది లేపితేనే లేచిన,
ఒక్కనాడన్న సీటు ఇప్పి దాని మొఖం చూడలే.

చదరపు నట్టు జారి ట్రే సందులకు పోయింది.
"అందరిది ఒకటి పోతది" అని
రేకు డబ్బల నుంచి ఇంకోటి ఏరి ఇచ్చిండు.
అది బోల్టుకు అందుతలేదు.
అట్ట ముక్క మడిచి నట్టు కింద పెడ్దామని
చేతికి దొరికిన కార్డు మూల చించిన.
"అరే అక్కా, అది వారంటీ!"

ఎర్రది బిగిచ్చిన. తర్వాత నల్లది.
చిటికెన వేలుతోని ఇంత వ్యాసిలిన్ రాసిన.

బటన్ నొక్కంగనే అందుకున్నది.
హారన్ కొట్టి చూసిన,
నేనే ఉలిక్కిపడ్డ.
దీనికి ఇంత గొంతున్నదని ఎప్పుడు మరిచిన్నో.

అప్పుడే ఫోను. బర్కత్‌పుర శేషశాయి గారు.
"ఏమనుకోకు తల్లీ, ఎనిమిదిన్నర దాక చూసిన.
ఇడ్లీ తిన్న. రెండే."
"రెండైనా ఒకటే సార్.
రేపు ఆరింటికొస్త, ఏం తినకున్రి."
"నీ బండి వస్తదా మరి?" అన్నడు.

ఐసు కరిగి డబ్బా అంత నీళ్ళు.
వేళ్ళ సందులల్ల, గోర్లల్ల నల్ల గ్రీజు.
ఈ చేతులతోని బాలింత మోచెయ్యి ఎట్ల పట్టుకోను?
సబ్బు అడిగిన.
ఇద్రీస్ భాయ్ సర్ఫు ప్యాకెట్ పండ్లతోని చించి
నా అరచేతిల సగం పోసిండు.
మిగిలిన సగం మడత పెట్టి
జేబుల దాసుకున్నడు.