పనికొచ్చిన మాటలు

షార్జాల ఇండస్ట్రియల్ ఏరియా ఐదు దాటినంక
రేకుల షెడ్డుల మా యార్డు.
గుద్దుకున్న కార్లు ఇక్కడికొస్తయి.
విప్పుడు గుల్ జమాన్ పని,
పేరు పెట్టుడు నా పని.

మొదటి రోజు సాబు చేట్టన్
నా చేతిల మూడు రంగుల చీటీలు పెట్టిండు.
ఆకుపచ్చది యూజబుల్.
పసుపుది రిపేరబుల్.
ఎర్రది స్క్రాప్.
మెట్‌పల్లి సర్కారు బడిల
విశేషణమంటే ఎర్ర గులాబి, పొడుగు చెట్టు.
ఇక్కడ విశేషణానికి సన్న తీగె ఉంటది,
దాన్ని రేడియేటర్ మెడకు చుట్టాలె.

ఏండ్లు పోయినకొద్ది మాటలు పెరిగినయి.
సర్వీసబుల్: బిగించుకో, గ్యారంటీ అడగకు.
రీయూజబుల్: ఒకని బండిల సచ్చి ఇంకొకని బండిల లేస్తది.
అడ్జస్టబుల్ అంటే సీటు,
మా రూముల పదకొండో మంచం సుత.
అవైలబుల్ ఒక్కటే శానా రోజులు అర్థం కాలె.
ఫోన్ల గిరాకి అడుగుతడు,
"కామ్రీ ఎడమ డోర్ అవైలబుల్?"
నేను డోరు దిక్కు చూస్త,
అది నా దిక్కు చూస్తది.
"యెస్ సార్, అవైలబుల్."
ఇద్దరమున్నం.

అన్నిటి ఎనుక ఒకటే తోక, బుల్.
ఆ మాటలల్ల వస్తువు పండుకొనే ఉంటది,
ఎవని చెయ్యో వచ్చి అందుకోవాలె.
మన తాన అట్ల గాదు.
వస్తువే నడిచొస్తది.
పనికొస్తది.
పొద్దుగాల నాలుగున్నరకు టిఫిన్ డబ్బ పట్టుకొని
కంపెనీ బస్సుకు మేము ఉరికొచ్చినట్టు
ఇరుసు పనికొస్తది, నట్టు పనికొస్తది,
నూనె మరకల పాత గోనెసంచి సుత
నేనున్ననని పనికొస్తది.

చేట్టన్ అడిగిండు, మీ భాషల స్క్రాప్‌ను ఏమంటరని.
పనికి రానిదంటమన్న.
"అంటే లీవు పెట్టిందా?" అన్నడు.
ఇద్దరం మస్తు నవ్వినం.

ఆ వారమే రాజలింగు పనికి రాలేదు.
గేర్‌బాక్స్ లేపుతుంటే నడుముల పుటుక్కుమన్నదట.
మూడు రోజులు "పనికి రాలేదు" అనే చెప్పుకున్నం.
నాలుగో రోజు అర్బాబ్ ఆఫీసుల
మనోడే ఒకడు "ఇంక పనికి రాడు" అన్నడు.
రాలేదు అన్న మాటకు నడుమ ఒక "లే" ఉంటది,
రేపటికి లేచొస్తడన్నట్టు.
రాడు అన్న మాటకు ఆ నడుము లేదు.

క్లినిక్‌ల డాక్టరమ్మ కాయితం మీద రాసింది, లైట్ డ్యూటీ.
లైటంటే వెలుగనుకొని సంబురపడ్డడు.
నేను చెప్పలె.
ఇప్పుడు గేటుకాడ కుర్చీల కూసుండి
వచ్చిన బండ్లకు గీతలు గీస్తడు.
మాపటికి నా చీటీల కట్ట గుంజుకొని
అడగకముందే రంగులు వేరుజేస్తడు.

నిన్న ఒక నిస్సాన్ వచ్చింది, ముందరంత నుజ్జు.
డాష్‌బోర్డు అరల ఒక తాళంచెవి.
కారుది గాదు, ఇంటిది. ఇత్తడిది.
పండ్లు అరగలె, తుప్పు పట్టలె.
ఏ ఊరి ఇంటిదో,
పెషావరో, కొల్లమో, కోరుట్లనో.
ఏ చీటి కట్టాలె?
విరగలేదు గనుక ఎర్రది కట్టరాదు.
రిపేరు చేద్దామంటే దాంట్ల తప్పేం లేదు.
ఆకుపచ్చది కడ్తె
ఎవడన్న ఫోన్ చేస్తడా, అవైలబులా అని?

రాజలింగుకు చూపిచ్చిన.
ఎండకు పట్టి చూసిండు.
గాలిల ఒకసారి కుడికి తిప్పిండు,
ఎదురుంగ తలుపున్నట్టు.
"మంచిగనే ఉన్నదిరా" అన్నడు.

మేకుకు తగిలిచ్చిన, చీటి లేకుంట.
దుమ్ముగాలి లేచింది, రేకులు కొట్టుకుంటున్నయి.
చేట్టన్ రిజిస్టర్ల
తాళంచెవి, ఒకటి అని రాసి
పక్క గడి ఇంక నింపలె.