ఉప్పు లెక్క

నెత్తళ్ళ బస్తాలు తూచే పాత కాటా మీద
తెల్లారకముందే మా ఆయన్ని నిలబెడతాను.
అరవై నాలుగు కిలోలు.
సైకిలెక్కి వెళ్తాడు.
ఎండ నడినెత్తికొచ్చాక తిరిగొచ్చి
మళ్ళీ కాటా ఎక్కుతాడు.
అరవై ఒకటిన్నర.
మిగతాది ఎక్కడ పోయిందని అడగను.
దతాయ్ ఎత్తుల మీద రోడ్డు తాగేసింది.
చొక్కా ఆరేస్తే
వీపంతా తెల్లటి గీతలు,
పోటు తీసిన ఇసుకలా.

ముప్పై ఏళ్ళుగా సుహైమిది
కిలిమ్ మడ అడవుల్లో పర్యాటకుల పడవ.
చెప్తే నవ్వుతారు గానీ
నిరుటిదాకా ఆయనకి వంద గజాల ఈత రాదు.
పడవవాడికి సముద్రం పనిచేసే చోటు.
పనిచేసే చోట ఎవరు దొర్లుతారు?

నేర్పింది మా నజ్వా, పదిహేనేళ్ళ పిల్ల.
చేపల బుట్ట బోర్లేసి రేవు మీద కూర్చుని
"అయా, నీళ్ళతో పోట్లాడకు!
కిందికి చూడు! ఊపిరి వదులు!"
అంత మనిషీ
ముక్కు ముంచి బుడగలు ఊదేవాడు.
పైన గద్దలు తిరిగేవి,
రోజూ కోడి చర్మం విసిరే చెయ్యి ఇదేగదా,
ఇవాళ ఉత్త నీళ్ళే విసురుతోందేమని.

సైకిలు ఓ జర్మన్ అతిథి
పడవ బాకీ కింద వదిలిపోయింది.
మెకానిక్ కీ సెంగ్ సీటు రెండంగుళాలు దించి
డబ్బులొద్దన్నాడు.
"దిగుడులో బ్రేకు మర్చిపోకు, అదే నా కూలి."
కోతులు అలా కాదు,
ముక్కుపిండి వసూలు చేస్తాయి.
మలుపులో గొలుసు సర్దుకుంటుంటే
అరటిపళ్ళు, ఖర్జూరాల పొట్లం,
చివరికి ఉప్పు బిళ్ళలు కూడా.
ఆ రాత్రి ఆ కోతికెంత దాహమేసిందో!

ఉపవాసాల నెలలో మానేస్తాడనుకున్నాను.
నమాజులయ్యాక, పదకొండింటికి,
వరిమళ్ళ పక్కన పరుగు మొదలెట్టాడు.
వెనకాల స్కూటరు మీద నేను.
లైటు వెలుగులో ఆయన మడమలు మాత్రమే,
ఒకటి పోతూ, ఒకటి వస్తూ.
గేదెలు రోడ్డుకడ్డంగా పడుకుని
మా కోసం లేవలేదు.
కిటికీలోంచి మక్ తెహ్ అడిగింది:
"ఏం రోకియా, మొగుణ్ణి తరుముతున్నావా?"
"తరిమితే ఇంత నెమ్మదిగా పోతాడా అత్తా?"
ఆయనకి నవ్వొచ్చి, ఊపిరి తప్పి,
మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయాడు.
ఆ నవ్వు ఖరీదు ఒక కిలోమీటరు.

ఈ వయసులో ఎందుకని అడుగుతారు.
సరదా అంటాడు.
రెండేళ్ళ కిందట ఓ పర్యాటకుల పిల్లాడు
పడవ అంచు దాటి పడ్డాడు.
మా ఆయన తాడు విసిరాడు.
పక్క పడవవాడు దూకాడు.
పిల్లాడు బతికాడు,
వాళ్ళమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుని ఏడ్చిందట.
తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడని
పక్క పడవవాడే చెప్పాడు నాకు.
ఆ తాడు ఇప్పటికీ మా వంటింటి మేకుకి ఉంది.
పడవలో కొత్తది కొన్నాడు.

ఇంకా ఇరవై మూడు రోజులు.
ఈత, సైకిలు, పరుగు,
అన్నిటికీ కలిపి గడువు పదిహేడు గంటలట.
"నజ్వాని కనటానికి నాకు పంతొమ్మిది పట్టింది,
ఎవరూ మెడలో పతకం వెయ్యలేదు"
అన్నాను నిన్న, అన్నం వడ్డిస్తూ.
కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు:
"ఆ రోజు కూడా గట్టునే నిలబడ్డాను."

ఇవాళ నీళ్ళు సరిగ్గా తాగాడు కాబోలు,
కాటా ముల్లు అరవై మూడు దాటి
ఊగింది, ఊగింది.
అది ఆగేదాకా
ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.
గుమ్మంలో బేరగాడు దగ్గాడు.
సుహైమి దిగి, తడి పాదాల గుర్తులు తుడిచి,
నెత్తళ్ళ బస్తా ఎత్తి పెట్టాడు.